సెవిల్‌లో చరిత్ర చదవబోయేవారు ముందుగా పాత చేతిరాత నేర్చుకోండి

స్పెయిన్, లాటిన్ అమెరికా చరిత్ర చదవడానికి ఈ ఏడాది స్పెయిన్‌లోని సెవిల్ నగరానికి వచ్చిన తమ్ముడొకడు నిన్న రాత్రి ఫోన్ చేసి, మూడు రోజులుగా ఒకే పాత చేతిరాత కాగితం ముందు కూర్చున్నా మొదటి వరుస దాటలేదని, తాను ఇన్నేళ్లూ నేర్చుకున్నది స్పానిషేనా అని అనుమానం వస్తోందని చెప్పి ఏడ్చాడు. నా మొదటి నాలుగు నెలలూ అలాగే గడిచాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

గది, బ్యాంకు ఖాతా, చిరునామా నమోదు వంటివి తోటివారిని చూసి మీరే చేసుకోగలరు. ఆరు నెలలకు మించి ఉండేవారు మాత్రం దేశంలో అడుగుపెట్టిన నెలలోపే విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయాలి.

నా దిగులంతా చేతిరాత గురించే. మూడవ కార్లోస్ రాజు 1785లో ఈ ఊళ్లోనే స్థాపించిన ఇండీస్ ఆర్కైవ్స్ అనే పాత దస్తావేజుల భాండాగారంలో, అమెరికా ఖండాల నుంచి ఫిలిప్పీన్స్ దాకా స్పెయిన్ ఏలిన నేలల కాగితాలు సుమారు 43,000 కట్టలున్నాయి. వాటిలో 16, 17 శతాబ్దాల లేఖకులు చాలామంది కలం ఎత్తకుండా, మాటకూ మాటకూ మధ్య ఎడం విడవకుండా రాసుకుంటూ పోయారు. ఆ రాతను ‘ప్రొసెసాల్ ఎంకదెనాదా’ అంటారు. రెండో మాటకు అర్థం గొలుసుకట్టు అనే. మన కరణాల గొలుసుకట్టు రాతలో ఉన్న పాత దస్తావేజును ఒక్కసారి చూసినవారికి ఇంకేమీ చెప్పనక్కరలేదు. తెలుగు వచ్చినంత మాత్రాన అది చదవలేనట్టే, స్పానిష్‌లో ఎన్ని మార్కులు వచ్చినా ఇది చదవలేరు.

పైగా కుదింపులు. ‘డి, హెచ్, ఓ’ అని మూడక్షరాలు రాసి పైన ఒక గీత గీస్తే అది ‘దిచో’, అంటే మన దస్తావేజుల్లోని ‘సదరు’. ఓడ ప్రయాణికుల జాబితాలో ‘ఎక్స్, పి, ఓ’లతో మొదలైన ఒక పేరు దగ్గర నేను రెండు వారాలు ఆగిపోయాను. క్రీస్తు పేరును గ్రీకు అక్షరాలతో కుదించే అలవాటు వల్ల ‘క్రిస్తోబాల్’ అలా మారిందని ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మొదటి వారంలోనే మీ విభాగానికి వెళ్లి పాత లిపుల తరగతి ఉందా అని అడగండి. క్రెడిట్లు రాకపోయినా వెళ్లి కూర్చోండి. రెండో సెమిస్టర్‌లో చూద్దామని దయచేసి అనకండి, అప్పటికి పరిశోధనా వ్యాసం మెడమీదికి వస్తుంది. ‘పారెస్’ అనే ప్రభుత్వ పోర్టల్‌లో వేల కాగితాల చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి కనుక, వీసా కోసం ఎదురుచూసే రోజుల్లో ఇంట్లో కూర్చునే మొదలుపెట్టవచ్చు. 18వ శతాబ్దపు రాతతో ప్రారంభించి వెనక్కి వెళ్లండి, రోజుకు పది వరుసలు చేత్తో ఎత్తి రాయండి, కనిపించిన ప్రతి కుదింపునూ నోటుపుస్తకంలో ఎక్కించండి. ఇంగ్లీషు అనువాదాలు ఉన్నాయి కదా అంటే, ఇంకెవరో ఎంచిన కాగితాలకే మీ చరిత్ర పరిమితమవుతుంది.

ఇంత కోప్పడ్డాక ఒకటి ఒప్పుకోవాలి: కన్ను అలవాటు పడుతుంది. ఒక లేఖకుడి అక్షరాల తీరు చిక్కితే అతని మిగతా పేజీలు వాటంతటవే విచ్చుకుంటాయి. అయిదో నెలలో ఒక వితంతువు అర్జీని మొదటి నుంచి చివరి దాకా చదవగలిగాను. భర్త పనామాలో చనిపోయాడని, అతని సొమ్ము తనకు ఇప్పించమని ఆమె వేడుకుంటోంది.

తమ్ముణ్ణి ఆదివారం, తనను ఏడిపించిన ఆ కాగితం నకలుతో ఇంటికి రమ్మన్నాను.