స్టిక్ వెల్డింగ్ నేర్చుకుందాం – నాలుగో పాఠం: మడుగును చూడడం

మూడో పాఠంలో మీకు అప్పగించిన పని ఒక్కటే. పాత ఇనుప ముక్క మీద అగ్గిపుల్ల గీసినట్టు రాడ్డును గీసి ఆర్క్ (రాడ్డు కొసకు, ఇనుముకు మధ్య వెలిగే కరెంటు మంట) పుట్టించడం, మూడు సెకన్లు నిలపడం, తీసేయడం. అలా వంద సార్లు. టెక్కలి దగ్గర పల్లె నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. మొదటి ఇరవై ప్రయత్నాల్లో పన్నెండు సార్లు రాడ్డు అంటుకుపోయిందట, ఈ పని తనకు రాదేమోనని దిగులు పడ్డాడు. అతని చేతిలో లోపమేమీ లేదు. వివరాలు అడిగితే సంగతి తేలింది. 3.15 మి.మీ. రాడ్డుకు 80 యాంపియర్లు పెట్టాడు. మెషిన్ రెండో తీగను ఇనుముకు పట్టించే ఎర్త్ క్లాంపును తుప్పు మీదే బిగించాడు. పైగా అది పొలాల్లో మోటార్లన్నీ నడిచే వేళ. ఓల్టేజీ పడిపోయినప్పుడు పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్ సూచిక 80 దగ్గరే ఉంటుంది, రాడ్డుకు అందేది మాత్రం అంతకంటే తక్కువ. క్లాంపు పట్టే చోటును మెరిసేదాకా గ్రైండర్‌తో రుద్ది, కరెంటు 110కి పెంచి, మోటార్లు ఆగాక మళ్లీ ప్రయత్నించమన్నాను. ఇప్పుడు ఎప్పుడో ఒకసారి తప్ప అంటుకోవడం లేదట.

మీరు కూడా సరిచూసుకోండి. 2.5 మి.మీ. రాడ్డుకు సుమారు 60 నుంచి 90, 3.15 మి.మీ.కి 90 నుంచి 130 యాంపియర్లు. రాడ్ల పెట్టె మీద తయారీదారు అచ్చువేసిన అంకెలు ఉంటాయి. పక్క దుకాణం వారి మాట కంటే వాటినే నమ్మండి.

ఆర్క్ పుట్టింది. ఇప్పుడు కన్ను ఎక్కడ ఉంచాలి? ఈ పాఠమంతా దీని గురించే.

అరిసెలకు పాకం పట్టే ఇంటి పెద్దావిడను గమనించండి. ఆమె చూపు పొయ్యి మంట మీద ఉండదు. బెల్లం ఎలా పొంగుతోంది, గరిటె నుంచి ఎలా జారుతోంది, నీళ్లలో వేస్తే ఉండ కడుతోందా అని పాకాన్నే చూస్తుంది. మంట ఎంత ఉండాలో పాకమే ఆమెకు చెబుతుంది. కొత్తగా వెల్డింగ్ పట్టినవారు దాదాపు అందరూ మంటను చూస్తారు. హెల్మెట్ నల్ల అద్దంలోంచి కనిపించే ఆ తెల్లని వెలుగు కంటిని లాక్కుంటుంది. నేను విజయనగరంలో ఒక గేట్ల షెడ్డులో పని నేర్చుకున్న మొదటి రెండు నెలలు ఆ వెలుగునే చూశాను. నా బీడ్లు, అంటే కరిగిన ఇనుము గడ్డకట్టి మిగిలే గీతలు, వానపాము పాకినట్టు వంకర్లు పోయేవి. వెలుగు వెనుక కరిగిన ఇనుము చిన్న మడుగులా నిలిచి ఉంటుంది. చూడవలసింది ఆ మడుగును, అందులోనూ దాని వెనుక అంచును. ఆ అంచు గడ్డకట్టే తీరే మీ బీడ్ ఆకారం.

మడుగు కనిపించకపోతే ముందు అద్దాన్ని అనుమానించండి. మనం వాడే కరెంటుకు 10వ నంబరు నల్ల అద్దం సరిపోతుంది. 12వ నంబరు వేసుకుని చీకట్లో తడుముకునేవారిని చాలామందిని చూశాను. ముందున్న తెల్ల అద్దం మీద తుంపర్లు పడి మసకబారితే మార్చేయండి, దాని ఖరీదు చాలా తక్కువ. ఎండకు వీపు పెట్టి కూర్చుంటే వెనుక నుంచి వెలుగు హెల్మెట్ లోపల పడి అద్దం మీద మెరుస్తుంది, మీ ముఖమే మీకు కనిపిస్తుంది. నలభై దాటినవారు చదువుకునే కళ్లజోడును హెల్మెట్ లోపల పెట్టుకోవడానికి మొహమాటపడవద్దు. ఇక చలువ కళ్లద్దాలతో వెల్డింగ్ చేసేవారికి ఒకే మాట. ఆరేడు గంటల తర్వాత, అర్ధరాత్రి వేళ, కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది. అది ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాల దెబ్బ. దయచేసి అలా చేయకండి.

అద్దం సరైనదైతే వెలుగు కింద రెండు రకాల ద్రవాలు కనిపిస్తాయి. ఒకటి ఇనుము. అది నునుపుగా నిగనిగలాడుతూ, స్పష్టమైన అంచుతో, ఆర్క్ ఎటు కదిలితే అటు కదులుతుంది. రెండోది స్లాగ్. అది పాల మీద మీగడలా ఇనుము మీద తేలుతుంది, కలత కలతగా ఉంటుంది, వెనక్కి జారి గట్టిపడుతుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలిగిన రోజున మీరు సగం వెల్డర్ అయినట్టే.

స్లాగ్ ఎక్కడి నుంచి వస్తుంది? రాడ్డు మీది పూత నుంచి. మన షెడ్లలో గేట్లకు, గ్రిల్లులకు వాడే 6013 రాడ్డు పూతలో ముఖ్యమైన ఖనిజం రూటైల్, అంటే టైటానియం డయాక్సైడ్. కరిగిన ఇనుములోని ఆక్సిజన్‌ను లాగేయడానికి ఫెర్రో మాంగనీసు కలుపుతారు. ఈ మాట మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి చెప్పేటప్పుడు నాకు ప్రత్యేకమైన సంతోషం. కళింగపట్నం, భావనపాడు తీరాల నల్ల ఇసుకలో టైటానియం ఖనిజాలైన ఇల్మనైట్, రూటైల్ ఉంటాయి. గర్భాం, గరివిడి వైపు మాంగనీసు గనులు మన తాతల కాలం నుంచి ఉన్నాయి. మన చేతిలోని రాడ్డు ఇక్కడి ఖనిజంతోనే తయారైందని నేను అనడం లేదు. మనం కాళ్ల కింద తొక్కే మట్టి, ఇసుక ఎలాంటి పనికి వస్తాయో తెలిస్తే రాడ్డు మీది పూతను చూసే తీరు మారుతుంది. అది ఊరికే పూసిన సున్నం కాదు. కాలేటప్పుడు దాని నుంచి పుట్టే వాయువు మడుగు దగ్గరికి గాలిని రానివ్వదు. మిగిలినది స్లాగై చల్లారే ఇనుమును కప్పుతుంది.

ఆ కప్పు ఇనుము మీదే ఉండాలి. 6013తో వచ్చే చిక్కు ఏమిటంటే, కరెంటు తక్కువైనా, చేయి మందగించినా, రాడ్డు వాలు తప్పినా స్లాగ్ మడుగును దాటి ముందుకు పరుగెత్తుతుంది. దాని మీద ఇనుము పడితే స్లాగ్ లోపలే చిక్కుకుపోతుంది. పైకి బీడ్ అందంగానే కనిపిస్తుంది. లోపల ఇనుముకు, ఇనుముకు మధ్య గాజు పొర ఉంటుంది. కాబట్టి పని చేస్తున్నంతసేపు మిమ్మల్ని మీరు అడగవలసిన ప్రశ్న, మీగడ వెనుకే ఉందా? ముందుకు వస్తోంది అనిపిస్తే ఆర్క్‌ను మరికాస్త పొట్టిగా పట్టి, రాడ్డు పైభాగాన్ని మీరు వెళ్లే దిక్కుకు కొంచెం వాల్చండి. అప్పుడు రాడ్డు కొస, వెనుకనున్న బీడ్ వైపు చూస్తుంది, ఆర్క్ ఊపు స్లాగ్‌ను వెనక్కి నెడుతుంది. నిటారు నుంచి 10, 15 డిగ్రీల వాలు చాలు. అయినా ఆగకపోతే 10 యాంపియర్లు పెంచండి.

ఆర్క్ పొడవు రాడ్డు లోపలి తీగ మందమంత ఉండాలి. 3.15 రాడ్డుకు సుమారు 3 మి.మీ. ఆ పొడవులో సన్నని, ఎడతెగని చిటపట వినిపిస్తుంది. ఆర్క్ సాగితే ఆ శబ్దం బోలుగా, ఊదినట్టుగా మారుతుంది, తుంపర్లు ఎగురుతాయి. ఇక్కడ కొత్తవారందరినీ పట్టుకునే తప్పు ఒకటుంది. చేయి పక్కకు వెళ్తుంది గానీ కిందికి దిగదు. 350 మి.మీ. రాడ్డు ఒక నిమిషం అటూ ఇటూగా కాలిపోయి రెండంగుళాల ముక్క మిగులుతుంది. అంటే ఆ నిమిషంలో మీ చేయి సుమారు 300 మి.మీ. కిందికి దిగి ఉండాలి, అదే సమయంలో పక్కకూ జరిగి ఉండాలి. మెషిన్ ఆపి, చల్లని రాడ్డుతో ఈ రెండు కదలికలనూ బల్ల మీద పదిసార్లు సాధన చేయండి. మోచేతిని ఏదో ఒకదానికి ఆనించండి. గాలిలో వేలాడే చేయి ఎవరిదైనా వణుకుతుంది.

రాడ్డు తడి గురించి ఈ పాఠంలోనే చెప్పాలి, ఎందుకంటే తడి రాడ్డుతో ఎంత చూసినా మడుగు నిలకడగా ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం పల్లెల్లో రేకుల షెడ్లు మళ్లీ నిలబెట్టే పనికి వెళ్లాను. వాన నీరు చేరిన గదిలోని రాడ్లను రెండు రోజులు ఎండబెట్టి వాడాను. పైకి పొడిగానే ఉన్నాయి. ఆర్క్ పుట్టగానే కొస దగ్గర ఆవిరి చిమ్మింది, మడుగు ఉడుకుతున్నట్టు బుడగలు లేచింది, స్లాగ్ కొట్టి చూస్తే బీడ్ నిండా బెజ్జాలు. పదకొండు అతుకులు గ్రైండర్‌తో తీసేసి మళ్లీ వేశాను. ఎండ వేడి పూతలోని నీటిని వదిలించలేదు. 6013 రాడ్లకు సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌లో ఒక గంట కావాలి. అంతకు మించి మాడ్చకూడదు, రూటైల్ పూతకు కాస్త తేమ అవసరమే. తేమ అసలే పడని 7018 రకం రాడ్ల లెక్క వేరు. వాటిని 300 నుంచి 350 డిగ్రీల్లో ఒకటి రెండు గంటలు కాల్చాలి, లేకపోతే తేమలోని హైడ్రోజన్ ఇనుములో చేరి, పని అయిన కొన్ని గంటలకు, ఒక్కోసారి మర్నాటికి పగులు తెస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పెట్టె విప్పిన రాడ్లను మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచండి.

ఇక సాధన. పాత ఇనుము దుకాణంలో 50 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఫ్లాట్ ముక్కలు తెచ్చి, 150 మి.మీ. పొడవుకు కోయండి. జింకు పూసిన పైపులు వద్దు, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. నూనె పీపాల జోలికి అసలే వెళ్లకండి, ఖాళీ పీపాలో మిగిలిన ఆవిరి పేలుతుంది.

మొదట సుద్దముక్కతో గీత గీసి దాని మీద వరుసగా బీడ్లు వేయండి. బీడ్ వెడల్పు తీగ మందానికి రెండు, మూడు రెట్లు ఉంటే మీ వేగం సరైనదే. అలల గుర్తులు అర్ధచంద్రంలా ఉండాలి. బాణం మొనలా సాగితే తొందరపడుతున్నారు. తాడులా ఉబ్బి పలక మీద కూర్చున్నట్టుంటే కరెంటు చాలలేదు. అంచుల వెంట గాడి పడితే కరెంటు ఎక్కువైంది, లేదా ఆర్క్ సాగింది. రాడ్డు అయిపోయిన చోట గుంట మిగులుతుంది. కొత్త రాడ్డుతో మొదలుపెట్టేముందు అక్కడి స్లాగ్ కొట్టి, బ్రష్‌తో రుద్దండి. గుంటకు 10 మి.మీ. ముందు ఆర్క్ పుట్టించి, వెనక్కి గుంటలోకి వచ్చి, అది నిండాక ముందుకు సాగండి.

తర్వాతి పరీక్ష నాకు చాలా ఇష్టమైనది. రెండు ముక్కలను తలకిందులైన ‘T’ ఆకారంలో నిలబెట్టి, రెండు చివర్లా చిన్న ట్యాకులు (ముక్కలు కదలకుండా పట్టి ఉంచే చుక్కల్లాంటి అతుకులు) వేసి, మూలలో ఒకవైపు మాత్రమే వెల్డింగ్ చేయండి. రాడ్డు రెండు పలకలకూ మధ్యగా, 45 డిగ్రీల్లో ఉండాలి. చల్లారాక కింది ముక్కను గట్టిగా బిగించి, నిలువు ముక్కను వెల్డింగ్ ఉన్న వైపుకే పడుకునేలా పెద్ద సుత్తితో కొట్టండి. కళ్లకు అద్దాలు తప్పనిసరి. విరగకుండా పూర్తిగా వంగిపోతే మంచిదే. విరిగితే ఇంకా మంచిది, లోపల ఏముందో కనిపిస్తుంది. మూల వెంట నల్లని గాజు గీత ఉంటే స్లాగ్ ముందుకు పరుగెత్తింది. పలక అంచు కోసినప్పటి పదునుతోనే మెరుస్తూ ఉంటే ఇనుము అక్కడి దాకా కరగలేదు. చిన్న చిన్న బెజ్జాలుంటే తడి, తుప్పు, లేదా పొడవాటి ఆర్క్. ఇంటివాళ్లకు చూపించడానికి అందమైన బీడ్ దాచుకుంటారు చాలామంది. నేను విరిగిన ముక్కలను దాచమంటాను. ప్రతి ముక్క మీద సుద్దతో తేదీ, రాడ్డు, యాంపియర్లు రాసి గోడకు వరుసగా ఆనించి పెట్టండి. కనీసం ఇరవై.

వచ్చే పాఠంలో పలకను నిలబెట్టి, కింది నుంచి పైకి వెల్డింగ్ చేద్దాం. దానికి ఇవే ముక్కలు పది అదనంగా కోసి, 2.5 మి.మీ. రాడ్లు ఒక పెట్టె సిద్ధంగా ఉంచుకోండి. మడుగు కిందికి జారాలని చూస్తుంది కనుక, ఈ వారం చూపు నిలవనివారు ఆ పాఠానికి రాకముందు మరో వారం ఇక్కడే ఉండండి.