టిఫా స్కాన్‌లో బిడ్డ కాళ్లూ చేతులూ సరిగ్గా చూశారో లేదో తెలుసుకోవడం ఎలా

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో టిఫా స్కాన్ (కడుపులో బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో వివరంగా చూసే స్కాన్) చేయించుకుని బయటికొచ్చిన వాళ్లని అడగండి, ‘అంతా నార్మలే అన్నారు’ అంటారు. రిపోర్టు మాత్రం చదవరు. చదవండి, ముఖ్యంగా కాళ్లూ చేతుల గురించి రాసిన ఆ ఒకటి రెండు లైన్లు.

ఈ స్కాన్‌కి 18 నుంచి 20 వారాల మధ్య వెళ్లడం మంచిది. చేయో కాలో అసలు ఏర్పడకపోవడం లాంటి పెద్ద లోపాలు 11-13 వారాల ఎన్‌టీ స్కాన్‌లోనే (బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచే స్కాన్) బయటపడొచ్చు, కాబట్టి దాన్నీ ఎగ్గొట్టకండి. మేనరికం అయినా, ఇంట్లో ఎవరికైనా ఆరు వేళ్లున్నా, గర్భం రాకముందు నుంచే షుగర్ ఉన్నా డాక్టరు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి. తల్లికి షుగర్ అదుపులో లేకపోతే బిడ్డకి తొడ ఎముక పొట్టిగా ఉండటం, కాలి బొటనవేలు రెండుగా రావడం లాంటివి జరిగే అవకాశం పెరుగుతుంది.

రిపోర్టులో ‘త్రీ సెగ్మెంట్స్ సీన్’ అని ఉందేమో చూడండి. అంటే చేతికి దండచేయి, ముంజేయి, అరచేయి, కాలికి తొడ, పిక్క, పాదం, మూడేసి భాగాలూ కనబడ్డాయని. ఎఫ్‌ఎల్ అని ఉండేది తొడ ఎముక పొడవు, 20 వారాలకి సుమారు 33 మిల్లీమీటర్లు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకి టెన్షన్ పడక్కర్లేదు గానీ, సాధారణంగా ఒక పక్కే కొలుస్తారు కాబట్టి రెండో పక్క కూడా చూశారా అని అడగడంలో తప్పులేదు.

వేళ్ల సంగతి వేరు. అంతర్జాతీయంగా పాటించే ఐసువోగ్ (గర్భిణుల స్కాన్ నిపుణుల సంఘం) మార్గదర్శకాల ప్రకారం మామూలు స్కాన్‌లో చేతులు, పాదాలు ఉన్నాయో లేదో చూడాలి, వేళ్లు లెక్కపెట్టడం తప్పనిసరి కాదు. బిడ్డ పిడికిలి బిగించి పడుకుంటే ఎంత ఖరీదైన మెషినైనా చేసేదేం లేదు, కాసేపు అటూ ఇటూ నడిచొచ్చి మళ్లీ పడుకోండి. త్రీడీలో ముఖం ఫొటో ముద్దుగానే ఉంటుంది, కానీ ఎముకల లెక్క ప్రధానంగా తేలేది ఆ నలుపు తెలుపు టూడీ బొమ్మలోనే.

వేళ్లు ఎక్కువ కనబడితే అక్కడితో ఆపనివ్వకండి. చాలావరకు అది ఒట్టి ఆరో వేలే. అరుదుగా మాత్రం మిర్రర్ హ్యాండ్ ఉంటుంది, అందులో బొటనవేలు ఉండదు, ఏడెనిమిది వేళ్లుంటాయి, ముంజేతిలో ఉండే రెండు ఎముకల్లో బొటనవేలి వైపు రేడియస్ ఉండాల్సిన చోట, చిటికెనవేలి వైపు ఉండే అల్నాయే ఇంకొకటి ఉంటుంది. పాదమే రెండుగా ఏర్పడే డైప్లోపోడియాలో పిక్క ఎముకలూ తేడాగా ఉండొచ్చు. అందుకే పై ఎముకలు, వెన్ను, కిడ్నీలు మళ్లీ చూడమని, గుండెకి ఫీటల్ ఎకో (బిడ్డ గుండెను ప్రత్యేకంగా చూసే స్కాన్) అవసరమా అని, ఉమ్మనీటి పరీక్ష చేయించాలా అని అడగండి. లోపం ఆ ఒక్క చోటేనా, ఇంకేమైనా ఉన్నాయా అన్నదాన్ని బట్టే మిగతా నిర్ణయాలన్నీ.

ఇంట్లో గ్రహణం నాడు బయటికెళ్లిందని కోడల్ని సాధించేవాళ్లుంటారు. గ్రహణానికీ బిడ్డ లోపానికీ ఏ సంబంధమూ లేదు, ఆ గొడవలో వారాలు పోగొట్టుకోకండి. 2021లో సవరించిన చట్టం ప్రకారం గర్భస్రావానికి 20 వారాల దాకా ఒక డాక్టరు, తీవ్రమైన లోపాలుంటే 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, ఆ తర్వాతైతే మెడికల్ బోర్డుకి వెళ్లాల్సిందే. అలాగని ప్రతి లోపానికీ ఆ దారి పట్టక్కర్లేదు, వంకర పాదాన్ని పుట్టాక వారం వారం పిండికట్లు మార్చే పాన్సెటి పద్ధతిలో బాగా సరిచేస్తారు. ఆరో వేలుంటే మంత్రసాని చెప్పిందని దారంతో బిగించి కట్టొద్దు, లోపల ఎముక ఉందో లేదో ముందు డాక్టరు చూడాలి.