ప్రభుత్వ ఉత్తర్వుని ఫ్రీ మార్కెట్ కళ్ళతో చదవడం ఎలా

లిబర్టేరియన్ ఆలోచన, అంటే మనుషుల కొనుగోళ్ళు అమ్మకాల్లో ప్రభుత్వం వీలైనంత తక్కువగా తలదూర్చాలనే ఆలోచన, నేర్చుకోవాలంటే లావుపాటి పుస్తకాలతోనే మొదలుపెట్టాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. ఏదో ఒక ప్రభుత్వ ఉత్తర్వు ముందు పెట్టుకుని నాలుగు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోండి, పుస్తకాలు తర్వాత తేలిగ్గా ఎక్కుతాయి. మనందరికీ గుర్తున్నదే తీసుకుందాం: 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. ఆ వారం అమెరికాలో ఇండియన్ స్టోర్ల ముందు మనవాళ్ళు సోనామసూరి బస్తాల కోసం క్యూ కట్టారు, కొన్ని షాపులైతే ఇంటికి ఒక్క బస్తానే అన్నాయి.

ముందుగా ఆ ఉత్తర్వు ఎందుకు తెచ్చారో న్యాయంగా రాసుకోండి, వెక్కిరించకుండా. దేశంలో బియ్యం ధర పెరుగుతోంది, ఎల్‌నినో వల్ల వానలు తగ్గుతాయన్న భయం ఉంది, బయటికి వెళ్ళేది ఆపితే ఇక్కడ ధర అదుపులో ఉంటుంది. కూలి చేసుకుని బియ్యం కొనుక్కునేవాళ్ళకి కిలో మీద రెండు రూపాయలు తగ్గినా అది చిన్న విషయం కాదు, ఆ మాట ఒప్పుకుని ముందుకెళ్ళండి.

ఇప్పుడు కంటికి కనపడని మనిషిని వెతకండి. ఫ్రాన్స్‌కి చెందిన ఆర్థికవేత్త ఫ్రెడరిక్ బాస్టియా 1850లో నేర్పింది ఇదే: ఏ నిర్ణయానికైనా వెంటనే కనపడే ఫలితం ఒకటుంటుంది, మెల్లగా బయటపడేవి ఇంకొన్ని ఉంటాయి, రెండూ లెక్కలో వెయ్యాలి. మన ఉదాహరణలో కనపడనిది వరి రైతు. ఎగుమతిదారు కూడా కొనడానికి వస్తే మిల్లరు ధర పెంచక తప్పదు, ఆ దారి మూసేస్తే పోటీ తగ్గి రైతు చెప్పిన రేటుకి విలువుండదు. ఆ నష్టం ఏ టీవీలోనూ రాదు, బడ్జెట్‌లో ఏ పద్దు కిందా ఉండదు. కానీ పట్నంలో ధర తగ్గించడానికి అయిన ఖర్చు కట్టింది మాత్రం ఆ రైతే. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఎగుమతి ఆపినవాళ్ళూ రైతు పేరే చెబుతారు.

ధర ఏం చెబుతోందో కూడా అడగండి. 1945లో ఆర్థికవేత్త హయెక్ రాసిన ఒక వ్యాసం సారాంశం ఏమిటంటే, ఎక్కడ కొరత వచ్చిందో ఎవరికీ పూర్తిగా తెలియకపోయినా ధర కదలిక ఆ కబురు అందరికీ చేరవేస్తుంది, దాన్ని చూసి పంట వేసేవాళ్ళు ఎక్కువ వేస్తారు, కొనేవాళ్ళు పొదుపు చేస్తారు. ప్రపంచ బియ్యం వ్యాపారంలో సుమారు 40 శాతం మనదే కాబట్టి నిషేధం తర్వాత అంతర్జాతీయ ధర 15 ఏళ్ళ గరిష్ఠానికి చేరింది. ఆ కబురు మన రైతు దాకా రాకుండా మనమే అడ్డుపడ్డాం.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది: మినహాయింపు ఎవరి చేతిలో ఉంది? నోటిఫికేషన్ చివరిదాకా చదవండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. వేరే దేశాల ప్రభుత్వాలు అడిగితే కేంద్రం అనుమతితో పంపొచ్చని అందులో రాశారు, తర్వాత దేశానికింత అని కోటాలిచ్చి ఒక సహకార సంస్థ ద్వారా పంపారు. అంటే ధర చెయ్యాల్సిన పని ఫైలు చేసింది. ప్రతిదానికీ సర్కారు అనుమతి కావాల్సిన ఈ పద్ధతినే రాజాజీ పర్మిట్ లైసెన్స్ రాజ్ అన్నాడు. 1959లో కాంగ్రెస్ నాగపూర్‌లో రైతుల భూములు కలిపి ఉమ్మడిగా సాగు చెయ్యాలనే సహకార వ్యవసాయ తీర్మానం చేశాక, దానికి వ్యతిరేకంగా రాజాజీ పెట్టిన స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడు అప్పటి గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా. ఆ పార్టీ 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచింది. ఫ్రీ మార్కెట్ అంటే పెద్ద కంపెనీల గొడవ అనేవాళ్ళకి ఈ చరిత్ర చెప్పండి.

మీవైపు కూడా ఇవే ప్రశ్నలు తిప్పండి. వ్యాపారులు ఒకచోట చేరితే ధర పెంచే కుట్రే చేస్తారని 1776లోనే ఆడమ్ స్మిత్ హెచ్చరించాడు, కాబట్టి ఎగుమతిదారు సబ్సిడీ అడిగినా వదలకండి. ఎగుమతి నిషేధం తప్పని, వరికి ఉచిత కరెంటు మాత్రం ఒప్పని అంటే అడుగంటిపోతున్న బోర్లకి మీరే జవాబు చెప్పాలి. అలాగే "మరి పేదవాళ్ళ సంగతేంటి?" అని ఎవరైనా అడిగితే తప్పించుకోవద్దు. 2023 జనవరి నుంచి రేషన్‌లో మనిషికి 5 కిలోలు ఉచితంగానే ఇస్తున్నారు, అవసరమైతే కేంద్రం తరఫున ధాన్యం కొని నిలవచేసే ఎఫ్‌సీఐ గోదాముల్లోంచి మార్కెట్‌కి ఇంకొంత వదలొచ్చు. ఆ ఖర్చు అందరి పన్నుల్లోంచి, అందరికీ కనపడేలా వెళ్తుంది, ఒక్క రైతు మీద పడదు.

ఈ నిషేధం 2024 సెప్టెంబర్ 28న ఎత్తేశారు. దీని మీద చెయ్యి తిరిగాక 2023 డిసెంబర్‌లో వచ్చిన ఉల్లి ఎగుమతి నిషేధం తీసుకుని మీరే ఒక అరపేజీ రాసి చూడండి, కర్నూలు వైపు ఉల్లి వేసేవాళ్ళెవరైనా తెలిస్తే రాసే ముందు వాళ్ళతో ఒకసారి మాట్లాడండి.