బ్లిట్జ్ చదరంగం – 4వ పాఠం: చేతికి అమరే సెట్

పావు కదిపిన చేత్తోనే గడియారం నొక్కాలని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి సంగతంతా ఆ చేతిదే. ఒక్కొక్కరి గడియారంలో మూడు నిమిషాలే ఉండే బ్లిట్జ్ ఆటలో కళ్ళు తర్వాతి ఎత్తు మీద ఉంటాయి, పావు సంగతి వేళ్ళే చూసుకోవాలి. షోకేసులో మెరిసే సెట్లు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి.

ముందు బరువు చూడండి. గుర్రాన్ని బల్ల మీద పెట్టి, తల దగ్గర వేలితో మెల్లగా పక్కకు వంచి వదిలేయండి. ఊగి మళ్ళీ నిలబడితే అడుగున బరువు వేసినట్టే. బోలు ప్లాస్టిక్‌దైతే అక్కడే పడుకుంటుంది. ఇదెందుకంటే, మన చెయ్యి తగిలి పడిన పావుల్ని మన టైములోనే సర్దాలి. ఒకసారి నాకు పదకొండు సెకన్లున్నాయి, గెలిచే ఆట. ఏనుగును లాగుతుంటే చొక్కా చెయ్యి తగిలి మంత్రి కాస్తా బల్ల కిందికి దొర్లింది. వంగి తీసేలోపు టైమ్ అయిపోయింది. అలాగని మరీ బరువైనవీ వద్దు, పది ఆటలయ్యేసరికి మణికట్టు లాగేస్తుంది. చెక్క సెట్టు నాకూ ఇష్టమే, కానీ బ్లిట్జ్‌లో గుర్రాల చెవులు మిగలవు. గట్టి ప్లాస్టిక్ కొనుక్కోండి.

ఇక కొలతలు. టోర్నమెంట్లలో రాజు ఎత్తు దాదాపు 9.5 సెంటీమీటర్లు, గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు ఉంటుంది. టేపు లేకపోయినా పర్లేదు: ఒక గడిలో నాలుగు బంట్లు రెండేసి చొప్పున రెండు వరసల్లో పెట్టి చూడండి. పట్టాయంటే సరే. పట్టకపోతే గళ్ళు ఇరుకు, ఒక పావును తీస్తుంటే పక్కది కదులుతుంది. నన్నడిగితే బ్లిట్జ్‌కి కాస్త వదులుగా ఉండటమే మేలు.

ఆకారం గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. 1849లో అమ్మకానికి వచ్చిన స్టాంటన్ అనే పావుల నమూనాయే టోర్నమెంట్లలో ఇప్పటికీ నడుస్తోంది. అందులోనూ మంత్రి, శకటు ఒకే ఎత్తులో కనబడే సెట్టు వద్దు. కంగారులో ఒకటి అనుకుని ఇంకోటి పట్టుకున్నామంటే, ముట్టుకున్న పావునే ఆడాలి మరి.

బోర్డు మెరవకూడదు, లైటు పడితే గళ్ళు కనిపించవు. చుట్టి పెట్టుకునే వినైల్ బోర్డు చాలు. అయస్కాంతం సెట్టు ప్రయాణాలకే, పావు ఊడిరావడానికే అర సెకను పోతుంది.

రంగుకో మంత్రి అదనంగా ఉందో లేదో కూడా చూడండి. బంటు చివరి గడికి చేరాక దాన్ని మంత్రిగా మార్చుకోవచ్చు; అప్పుడు అదనపు మంత్రి లేక ఏనుగును తిరగేసి పెట్టి మంత్రి అంటే టోర్నమెంట్లో చెల్లదు, అది ఏనుగు కిందే లెక్క.

అభ్యాసం: పావులన్నీ పేర్చి, కళ్ళు మూసుకుని రాజు వైపున్న గుర్రాన్ని తీసి మూడో వరసలో దించండి. ఇరవై సార్లు. ఎన్నిసార్లు పక్క పావు కదిలిందో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఒంటి చేత్తో కోట కట్టేటప్పుడు, అంటే రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదిపేటప్పుడు, ఆ లెక్క కావాలి.