వాల్వు ఆంప్లిఫయర్ ఆన్ చేసే ముందు స్పీకర్ వైర్లు చూసుకోండి

ట్రాన్సిస్టర్ సెట్టుకి స్పీకర్ తగిలించకపోయినా ఏమీ కాదు. వాల్వు సెట్టుకి, అంటే గాజు గొట్టాల్లాంటి వాల్వులతో నడిచే ఆంప్లిఫయర్‌కి మాత్రం అది ప్రాణం మీదకొస్తుంది. లోడు (అంటే స్పీకర్) లేకుండా పాట పెడితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ విపరీతంగా పెరిగి, లోపలి ఇన్సులేషన్ కాలిపోవచ్చు. అందుకే ముందు స్పీకర్, తర్వాతే స్విచ్. 8 ఓమ్‌ల స్పీకర్‌ని 8 అని రాసిన టెర్మినల్‌కే బిగించండి. వైరు పోగు ఒక్కటి కూడా పక్క టెర్మినల్‌కి తగలకూడదు.

ఆన్ చేశాక ఓ నిమిషం వాల్వుల గాజులోకి చూడండి. ఫిలమెంట్ నారింజ రంగులో వెలగడం మామూలే, గాజు లోపలివైపు పల్చటి నీలి మెరుపు కూడా మామూలే (చాలామంది దానికే కంగారుపడతారు). కానీ లోపలి బూడిదరంగు ప్లేటు ఎర్రబడిందంటే వెంటనే ఆపేయండి, బయాస్ (పాట లేనప్పుడు కూడా వాల్వులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే సెట్టింగ్) తప్పినట్టే. ఈఎల్34 లాంటి వాల్వులకి బయాస్‌ని అరగంట వేడెక్కాకే చూడాలి.

అడుగు మూత మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో (కరెంటుని నిలవ ఉంచే భాగాల్లో) 400 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. పిల్లలున్న ఇంట్లో వాల్వుల మీది జాలీ తీయకండి, ఆ గాజు చెయ్యి కాలుస్తుంది.