ప్రయోగం మీరే రూపొందించండి – 3వ భాగం: జామాయిల్ ఆకు, పెసలు, పన్నెండు గిన్నెలు

పరిశీలనను ప్రశ్నగా ఎలా మార్చాలో గత భాగంలో చూశాం. చివర్లో ఒక ప్రశ్న మిగిలింది. ములుగు, భూపాలపల్లి వైపు జామాయిల్ తోటల్లో చెట్ల కింద ఎండాకులే తప్ప పచ్చిక పెద్దగా కనబడదు. అదే తోట గట్టు మీద మాత్రం గడ్డి ఉంటుంది. ఎందుకు? ఈ భాగంలో ఆ ప్రశ్నకు పరికల్పన (పరీక్షించి చూడగలిగే కారణం) రాసి, ఇంట్లోనే వారం లోపు ముగిసే ప్రయోగాన్ని తయారు చేద్దాం.

ఊళ్లో ఎవరినడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది: "జామాయిల్ నీళ్లన్నీ గుంజుతది, ఇంక గడ్డేం మొలుస్తది?" నిజమే కావచ్చు. కానీ తట్టిన మొదటి కారణం దగ్గరే ఆగిపోతే దాన్ని పరీక్షించాలన్న ఆలోచనే రాదు. అందుకే ముందు కాగితం తీసుకుని, ఒకదానికొకటి పోటీ వచ్చే కారణాలు రాయండి. చెట్టు వేర్లు పైనేలలో తేమను లాగేస్తున్నాయి. నీడ వల్ల ఎండ చాలడం లేదు. రాలిన ఆకుల్లోంచి వానకు దిగే పదార్థాలు విత్తనాలను మొలవనివ్వడం లేదు. ఆకుల పొర మందంగా పరుచుకుని లేత మొలకను పైకి రానివ్వడం లేదు. చాలామంది మరిచిపోయే కారణం ఇంకొకటుంది: తోట రైతు సాళ్ల మధ్య ట్రాక్టర్‌తో దున్నించి ఉండవచ్చు. అలాగైతే చెట్టు తప్పేమీ లేదు. దున్నారో లేదో రైతును అడిగితే తెలిసిపోతుంది, దానికి ప్రయోగం అక్కర్లేదు.

మిగిలిన నాలుగింటిలో గిన్నెల్లో పరీక్షించడానికి వీలైనది మూడోది, ఆకు పదార్థాల సంగతి. దాన్నే తీసుకుందాం. అది నిజమన్న నమ్మకంతో కాదు, మన చేతిలో ఉన్న సామానుతో తేలేది అదొక్కటే కాబట్టి.

ఇప్పుడు వాక్యం రాయాలి. "జామాయిల్ ఆకు మొక్కలకు మంచిది కాదు" అని రాస్తే అది అభిప్రాయమే. ఏ మొక్కకు, ఏ విషయంలో, ఎంత మోతాదులో అన్నది అందులో లేదు. "జామాయిల్ ఆకు మొలకెత్తడంపై ప్రభావం చూపుతుంది" అన్నది కొంత నయం, కానీ మొలకలు పెరిగినా తగ్గినా అది నిజమే అవుతుంది. ఏ ఫలితం వచ్చినా నిలబడే వాక్యాన్ని పరికల్పన అనలేం. పరికల్పన వేరు, అంచనా వేరు అని కూడా గుర్తుపెట్టుకోండి. కారణం చెప్పేది పరికల్పన. ఆ కారణం నిజమైతే కంటికి ఏం కనబడాలో చెప్పేది అంచనా. రెండూ విడివిడిగా రాయండి:

పరికల్పన: జామాయిల్ ఎండాకుల్లో నీటిలోకి దిగే పదార్థాలు విత్తనం మొలకెత్తడాన్ని అడ్డుకుంటాయి.

అంచనా: 10 శాతం జామాయిల్ ఆకు ఊటతో (100 మి.లీ. నీళ్లలో 10 గ్రాముల ఎండాకు నానబెట్టి వడకట్టినది) తడిపిన పెసల్లో 48 గంటలకు మొలకెత్తినవి, ఉత్త నీటితో తడిపినవాటికంటే తక్కువగా ఉంటాయి, 72 గంటలకు వాటి వేరు పొడవు కూడా తక్కువగా ఉంటుంది.

దీని కింద మూడో వాక్యం కూడా రాయాలి: "రెండు చోట్లా మొలకలు ఇంచుమించు సమానంగా వస్తే, ఈ మోతాదులో, పెసల విషయంలో నా పరికల్పన నిలవదు." ప్రయోగం మొదలుపెట్టక ముందే ఇది రాసి తేదీ వేయండి. ఫలితం చూశాక రాస్తే మనకు తెలియకుండానే మాట మారిపోతుంది.

ఇక కంట్రోల్, అంటే పోల్చి చూడటానికి పెట్టే గిన్నెలు. ఈ పాఠంలో ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. "కంట్రోల్ అంటే ఏమీ వేయని గిన్నె" అని బట్టీ పట్టినవాళ్లు కొన్ని గిన్నెల్లో ఊట, కొన్నింటిలో నీళ్లు పోసి అంతటితో సరిపెట్టుకుంటారు. ఆ రెండింటికీ తేడా ఎక్కడెక్కడుందో చూడండి. ఊటలో జామాయిల్ పదార్థాలున్నాయి. దాంతోపాటు ఏ ఆకు నానబెట్టినా నీళ్లలోకి దిగే చక్కెరలు, లవణాలు ఉన్నాయి. అవి ఎక్కువైతే ద్రవాభిసరణ (నీరు పలుచని ద్రావణం నుంచి చిక్కటి ద్రావణం వైపు పోవడం) వల్ల విత్తనం నీటిని పీల్చుకోవడం కష్టమవుతుంది. 24 గంటలు నానిన ఆకు మీద పెరిగిన బాక్టీరియా, బూజు కూడా ఊటలోనే ఉంటాయి. కాబట్టి ఊట గిన్నెల్లో మొలకలు తగ్గితే దోషం జామాయిల్‌దా, నానిన ఏ ఆకుకైనా ఉండేదా అన్నది ఉత్త నీటి గిన్నె చెప్పలేదు.

ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో రెడీ 1668లో ప్రచురించిన ప్రయోగంలోనూ ఇదే చిక్కు వచ్చింది. కుళ్లిన మాంసంలో పురుగులు వాటంతటవే పుట్టవని చూపడానికి ఆయన కొన్ని సీసాలు తెరిచి ఉంచాడు, కొన్నింటిని గట్టిగా మూసేశాడు. తెరిచినవాటిలోనే పురుగులు వచ్చాయి. అయితే మూత పెడితే ఈగతోపాటు గాలి కూడా ఆగిపోతుంది కదా! అందుకని మరికొన్ని సీసాల మూతికి సన్నటి గుడ్డ కట్టాడు. గాలి లోపలికి వెళ్లింది, ఈగ వెళ్లలేదు, మాంసంలో పురుగులు రాలేదు. ఆ గుడ్డ సీసా లేకుంటే మొదటి రెండూ ఎన్ని పెట్టినా వాదన తెగేది కాదు.

మన ప్రయోగంలో గుడ్డ సీసా పని చేసేది నీరు, జామాయిల్ ఊట గిన్నెలకు తోడు పెట్టే మూడో వరుస గిన్నెలు. వేరే చెట్టు ఎండాకుతో, అదే బరువు, అదే నీళ్లు, అదే సమయంతో తీసిన ఊట వాటిలో పోస్తాం. కింద గడ్డి బాగా పెరుగుతున్న చెట్టును మీ దగ్గర్లోనే వెతకండి. మోదుగు దొరికితే ప్రయత్నించవచ్చు. వేప, చింత మాత్రం వద్దు. వాటి ఆకులకూ మొలకలను అడ్డుకునే గుణముందని పరీక్షల్లో తేలింది. అలాంటివి పెడితే పోలికే చెడిపోతుంది.

కావలసిన సామాను తక్కువే. 9–10 సెంటీమీటర్ల వెడల్పు, చదునైన అడుగు ఉన్న ప్లాస్టిక్ గిన్నెలు 12. టిష్యూ పేపర్. మెడికల్ షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి, సూది లేకుండా. పిడికెడు పెసలు. రెండు రకాల ఎండాకులు 10 గ్రాముల చొప్పున. ఇంట్లో చిన్న కాంటా లేకపోతే గ్రాముల్లో తూచే డిజిటల్ కాంటా ఉన్న ఏ దుకాణంలోనైనా తూయించుకోండి. గుప్పెడు, దోసెడు లెక్కలు ఇక్కడ పనికిరావు.

పెసలు కిరాణం షాపువే తీసుకోండి. విత్తన దుకాణంలోవి కొంటే శిలీంధ్రనాశిని పట్టించి రంగు వేసినవి రావచ్చు. అవి వద్దు. పుచ్చులు, పగిలినవి, మరీ చిన్నవి ఏరేయండి. ముందుగా 50 గింజలను ఉత్త నీటితో మొలకెత్తించి చూడండి. 48 గంటలకు 40 కంటే తక్కువ మొలిస్తే ఆ పెసలు పాతవి, వేరేవి తెచ్చుకోవాలి. పెసల్లో కొన్ని గట్టి గింజలుంటాయి, ఎంత నానినా ఉబ్బవు. ఒకటీ అరా ఉంటే కంగారు పడొద్దు.

ఊట తీయడం: ఎండాకులను చేత్తో నలిపి 10 గ్రాములు తూచి 100 మి.లీ. నీళ్లలో వేసి, మూతపెట్టి 24 గంటలు నీడలో ఉంచండి. మరగబెట్టొద్దు. వానకు తడిసిన ఆకులోంచి దిగే పదార్థాలు కావాలి మనకు, వేడికి దిగేవి కాదు. మరగబెడితే కొన్ని పదార్థాలు ఆవిరై పోతాయి కూడా. పలుచటి గుడ్డలో వడకట్టి అదే రోజు వాడేయండి. వాసన మారిన ఊట పారబోయాల్సిందే. ఆకు కొంత నీటిని పట్టుకుంటుంది కాబట్టి 100 మి.లీ. తిరిగి రాదు. మనకు ఒక్కో ఊట కావలసింది 30 మి.లీ. లోపే. మిషన్ భగీరథ నల్లా నీళ్లయినా బోరు నీళ్లయినా సరే, మూడు వరుసలకూ ఒకే బిందెలోవి కావాలి. కంట్రోల్‌కు పోసే నీళ్లను కూడా ఊటల పక్కనే 24 గంటలు ఉంచి, అలాంటి గుడ్డలోనే వడకట్టండి. చాదస్తంగా అనిపిస్తుంది. కానీ నల్లా నీటిలో క్లోరిన్ ఉంటే నిలవ ఉంచినప్పుడు కొంత పోతుంది. ఊటకు పోయి కంట్రోల్‌కు పోకపోతే అదొక కొత్త తేడా.

గిన్నె అడుగున టిష్యూ రెండు పొరలు పరిచి, 20 పెసలు ఒకదానికొకటి తగలకుండా సర్ది, 6 మి.లీ. ద్రవం పోయండి. నీరు నాలుగు, జామాయిల్ నాలుగు, రెండో ఆకు నాలుగు. మొత్తం 240 గింజలు. గింజలు మునిగేలా పోస్తే గాలి అందక కుళ్లిపోతాయి. మీ టిష్యూ పలుచనిదైతే 5 మి.లీ. చాలేమో ముందే ఖాళీ గిన్నెలో చూసుకోండి. ఎంత పోసినా పన్నెండింటికీ అంతే.

ఇక్కడ వంటింటి అలవాటు దెబ్బతీస్తుంది. మొలకలంటే రాత్రి నానబెట్టడం చేతికి అలవాటైన పని. అలా ముందే మంచినీటిలో నానిన గింజ కడుపు నిండా నీళ్లు తాగేసి వస్తుంది, ఆ తర్వాత ఊట పోసినా దాని ప్రభావం పూర్తిగా కనబడకపోవచ్చు. పొడి గింజలే పెట్టాలి.

నాలుగేసి గిన్నెలెందుకు, ఒక్క గిన్నెలో 80 గింజలు పోస్తే పోదా? పోదు. ఆ గిన్నెకు చీమలు పట్టినా, ఎండ తగిలినా ఒక వరుస మొత్తం పోతుంది. పైగా ఒకే గిన్నెలో ఉన్నవన్నీ ఒకే తడిని, ఒకే బూజును పంచుకుంటాయి కాబట్టి అవి ఎన్ని ఉన్నా ఒక్క పరీక్ష కిందే లెక్క. గిన్నెల స్థానాలు కూడా చీటీలు తీసి నిర్ణయించండి. నీటి గిన్నెలన్నీ గోడవైపు, ఊటవన్నీ కిటికీవైపు ఉంటే మీరు కిటికీని పరీక్షిస్తున్నట్టే. మూతలు వదులుగా పెట్టి, కూలర్ గాలి తగలని చీకటి అరలో ఉంచండి. ఫ్రిజ్ పైన వేడిగా ఉంటుంది, అక్కడ వద్దు.

వరంగల్ ఎండాకాలంలో టిష్యూ ఒక్క పూటలో ఎండుతుంది. అప్పుడు ఏం పోయాలి? ఊట గిన్నెలో మళ్లీ ఊటే పోయాలనిపిస్తుంది. పోయొద్దు. ఆవిరయ్యేది ఎక్కువగా నీరే, ఆకు పదార్థాలు చాలావరకు గిన్నెలోనే మిగులుతాయి. మళ్లీ ఊట పోస్తే మీ 10 శాతం కాస్తా 12, 15 అయి కూర్చుంటుంది. అన్ని గిన్నెలకూ ఉత్త నీళ్లే, 2 మి.లీ. చొప్పున, ఎండని వాటికి కూడా.

24, 48, 72 గంటలకు లెక్కపెట్టండి. మొలకెత్తడమంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి: పెంకు చీల్చుకుని వేరు కనీసం 2 మిల్లీమీటర్లు బయటికి వస్తేనే మొలక. ఉబ్బి పగిలినదాన్ని ఓసారి లెక్కలో వేసి ఓసారి వదిలేస్తే అంకెలకు విలువుండదు. లెక్కపెట్టేది ఏ వరుసో తెలియని వ్యక్తి అయితే ఇంకా మంచిది. చిక్కేమిటంటే ఊట టిష్యూకు గోధుమరంగు అంటిస్తుంది, చూడగానే తెలిసిపోతుంది. అందుకని 72 గంటలప్పుడు ఇంట్లో ఇంకొకరు గింజలను పొడి తెల్లకాగితాల మీదికి మార్చి 1 నుంచి 12 వరకు అంకెలు మాత్రమే వేసి ఇవ్వాలి. మీరు స్కేలుతో వేరు పొడవు కొలవండి. వంకర వేరును దారంతో కొలిచి ఆ దారాన్ని స్కేలు మీద పెట్టండి. కొలిచాక ఆ మొలకలు తినొద్దు, పారేసి చేతులు కడుక్కోండి.

వచ్చే అంకెలు ఎలా చదవాలో ఊహించిన ఉదాహరణతో చూద్దాం. నీటి గిన్నెల్లో 19, 18, 20, 19. జామాయిల్‌లో 9, 12, 8, 11. రెండో ఆకులో 17, 16, 18, 17 వచ్చాయనుకోండి. పరికల్పనకు బలం దొరికింది. అదే రెండో ఆకులోనూ 10, 11, 9, 12 వస్తే? అడ్డుకుంటున్నది ఏ ఆకు ఊటలోనైనా ఉండేదే కావచ్చు, జామాయిల్ ప్రత్యేకత తేలలేదు. నీటి వరుసలోనే 8, 9 వస్తే ఏ వరుస గురించీ మాట్లాడకండి, పెసలో తడో చెడిపోయింది. నీటిలో 19, 20, 6, 18 వస్తే ఆ 6 ఉన్న గిన్నె ఎండిందా, బూజు పట్టిందా చూడండి. కానీ అంకె నచ్చలేదని తీసేయకూడదు. "పూర్తిగా ఎండిన గిన్నెను లెక్కలో తీసుకోను" అని మొదటే రాసి ఉంటేనే తీసేసే హక్కు.

పరికల్పన నిలిచినా మీరు చెప్పగలిగేది కొంతే: పెసలు, 10 శాతం ఊట, టిష్యూ మీద. తోటలో మట్టి ఉంది, వాన పలుచన చేస్తుంది, అక్కడ మొలవాల్సింది పెసలు కాదు, గడ్డి. సైన్స్ ఫెయిర్‌లో "జామాయిల్ తోటల్లో గడ్డి మొలవకపోవడానికి కారణం కనుగొన్నాం" అని చార్టు రాస్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. మోతాదు పెంచేకొద్దీ మొలకలు తగ్గుతున్నాయని చూపిస్తే వాదన గట్టిపడుతుంది. 50 మి.లీ. ఊటకు 50 మి.లీ. నీళ్లు కలిపితే 5 శాతం, దాన్నీ అలాగే సగం చేస్తే 2.5 శాతం.

తోటలోనే చూడాలనుకునేవాళ్లకు వానాకాలం ముందే పని మొదలవుతుంది. రైతు అనుమతి తీసుకుని, సుతిలి తాడుతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గళ్లు కట్టి, కొన్నింటిలో ఎండాకులు తీసేయండి, కొన్నింటిని ముట్టుకోకండి. ఈ రెండే సరిపోవు. ఆకులు తీసేటప్పుడు మట్టి కదులుతుంది, కదిలిన మట్టిలో విత్తనాలు మొలవడానికి అదే కారణం కావచ్చు. కాబట్టి ఆకులు తీసి, మళ్లీ అక్కడే పరిచిన గళ్లు కొన్ని కావాలి.

వచ్చే భాగానికి అభ్యాసం: కిరణజన్య సంయోగక్రియకు కార్బన్ డై ఆక్సైడ్ అవసరమని చూపే మోల్ అర్ధపత్ర ప్రయోగం 10వ తరగతిలో ఉంది. ముందుగా చీకట్లో ఉంచిన మొక్క ఆకును సగం వరకు, కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చుకునే పొటాషియం హైడ్రాక్సైడ్ ఉన్న సీసాలోకి దూర్చి, సగం బయట ఉంచి, ఎండలో పెట్టాక అయోడిన్‌తో పిండిపదార్థాన్ని పరీక్షిస్తారు. సీసాలోని సగానికీ బయటి సగానికీ కార్బన్ డై ఆక్సైడ్ కాక ఇంకా ఏయే తేడాలున్నాయో రాయండి. ఆ తేడాల సంగతి తేల్చాలంటే పక్కన రెండో సీసా పెట్టాలి. అందులో ఏం పోస్తారు? ఆ జవాబుతో, మీ పన్నెండు గిన్నెల అంకెలతో 4వ భాగం మొదలవుతుంది. గ్రాఫ్ కాగితం దగ్గర పెట్టుకోండి.