పీహెచ్‌డీ థీసిస్‌కు నిపుణుల సాయం ఎలా తీసుకోవాలి?

గడువు దగ్గరపడుతోంది, గైడ్ నుంచి తిరిగొచ్చిన చాప్టర్ నిండా ఎర్రగీతలే. ఆ టెన్షన్‌లో ఎవరికో డబ్బు కట్టేసి గట్టెక్కాలనిపిస్తుంది. సాయం తీసుకోవడం తప్పు కాదు. కానీ ఆలోచన మీది, రాత మీది అయి ఉండాలి. వైవాలో ఒంటరిగా నిలబడేది మీరే.

1. ఎక్కడ ఆగిపోయారో తేల్చుకోండి

వాదన అతకడం లేదా, భాష తడబడుతోందా, లెక్కలు తేలడం లేదా? ఒక్కోదానికి ఒక్కో మనిషి. చాప్టర్ల అమరిక, వాదన క్రమం చూసే ఎడిటర్ వేరు, వాక్యాలు దిద్దే కాపీ ఎడిటర్ వేరు. ప్రూఫ్‌రీడర్ చివర్లో వచ్చి అచ్చుతప్పులు మాత్రమే పడతారు. వాదనే సరిగా లేనప్పుడు ప్రూఫ్‌రీడింగ్‌కు పెట్టిన డబ్బు వృథా. రిఫరెన్సుల తలనొప్పికి మనిషి అక్కర్లేదు, రిఫరెన్సులను అమర్చిపెట్టే జొటేరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

గణాంకాల నిపుణుణ్ణి మాత్రం డేటా సేకరించకముందే కలవండి. ప్రయోగం ముగిశాక వాళ్లను పిలిస్తే చాలాసార్లు పోస్ట్‌మార్టం చేయించుకున్నట్టేనని గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1938లోనే చెప్పాడు.

2. గైడ్‌కు చెప్పండి

దాచి చేయించుకునే సాయం ఎప్పటికైనా ఇబ్బందే. ఎడిటర్ ఎంతవరకు చేయి పెట్టవచ్చో మీ యూనివర్సిటీ నియమాల్లో చూసి, గైడ్ అనుమతి ఈమెయిల్‌లో తీసుకోండి. కృతజ్ఞతల పేజీలో వాళ్ల పేరు రాయమనే చోట్లు కూడా ఉన్నాయి.

3. రెండు పేజీలు ఇచ్చి చూడండి

ఎడిటర్లను పరీక్షించడానికి ఉపోద్ఘాతం పంపకండి, మీకు అన్నిటికన్నా కష్టంగా అనిపించిన చర్చా భాగం పంపండి. అందులో "నిద్ర తగ్గడానికి, మార్కులు తగ్గడానికి సంబంధం కనిపించింది" అని రాశారనుకోండి. ఒకరు దాన్ని "నిద్ర తగ్గడం వల్ల మార్కులు తగ్గాయి" అని దిద్ది పంపుతారు. చదవడానికి హాయిగా ఉంది, కానీ మీ డేటా చెప్పని మాట మీ నోట పెట్టారు. ఇంకొకరు ఆ వాక్యాన్ని ముట్టుకోకుండా పక్కన కామెంట్ పెడతారు: "సంబంధం వరకేనా, కారణమని కూడా అంటున్నారా?" ఆ రెండో మనిషినే పట్టుకోండి.

"మొత్తం మేమే రాసిపెడతాం" అనేవాళ్ల జోలికి మాత్రం పోవద్దు. అది సాయం కాదు, మోసం. బయటపడితే చేతికొచ్చిన డిగ్రీ కూడా రద్దు కావచ్చు. అన్నేళ్ల కష్టాన్ని అలా పణంగా పెట్టకండి.

4. ఒప్పందం రాసుకోండి

ఎన్ని పదాలు, ఏ స్థాయి ఎడిటింగ్, ఏ చాప్టర్ ఏ తేదీకి, మళ్లీ చూడాల్సి వస్తే ఎంత, అన్నీ రాతలో ఉండాలి. డబ్బు చాప్టర్‌వారీగా ఇవ్వండి. ఫైల్ పంపేముందు మీ పరిశోధనలో పాల్గొన్నవాళ్ల పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేయండి.

5. ప్రతి మార్పూ చదవండి

ప్రతి దిద్దుబాటూ విడిగా కనిపించేలా, వర్డ్‌లోని ట్రాక్ చేంజెస్‌లోనే దిద్దమనండి. ఫైల్ రాగానే అన్నిటినీ ఒక్క క్లిక్‌తో ఒప్పేసుకోకండి. ఒక్కో మార్పు దగ్గర ఆగి, "ఇలా ఎందుకు రాశారు?" అని ఎగ్జామినర్ అడిగితే చెప్పగలనా అని చూసుకోండి. చెప్పలేని వాక్యాన్ని మీ మాటల్లో తిరగరాయండి. ఓపిక కావాలి, రోజుకో పది పేజీలు చాలు.

మీ అసలు డ్రాఫ్టు, దిద్దిన ఫైలు, ఈమెయిళ్లు అన్నీ దాచుకోండి. ఇది ఎవరు రాశారన్న ప్రశ్న ఎప్పుడైనా వస్తే చూపించడానికి ఉంటాయి.